నీలకంఠుడిది ఆలోచన, పేరయ్యది ఆకలేనా?

1844–45 ప్రాంతంలో, కాశీలో, ఇరవై ఏళ్లు నిండీ నిండని ఒక చిత్పావన బ్రాహ్మణ యువకుడు క్రైస్తవాన్ని ఖండిస్తూ సంస్కృతంలో ఒక గ్రంథం రాశాడు. దాని పేరు శాస్త్రతత్త్వవినిర్ణయం. ఆ కాలపు హిందూ పండితులు క్రైస్తవానికి ఇచ్చిన సమాధానాలలో అంత పదునైనవి అరుదు. మూడు నాలుగేళ్లు గడిచాయో లేదో, 1848 మార్చి 14న అదే యువకుడు జౌన్‌పూర్‌లో బాప్తిస్మం పొందాడు. నీలకంఠశాస్త్రి గోరే ఆ రోజు నుంచి నెహెమ్యా గోరే అయ్యారు.

నేను విశ్వవిద్యాలయంలో పందొమ్మిదో శతాబ్దపు సామాజిక చింతనను బోధిస్తాను. తరగతిలో మతమార్పిడి ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ రెండే మాటలు వినిపిస్తాయి. ప్రలోభం అనేది ఒకటి, వివక్ష నుంచి విముక్తి అనేది మరొకటి. మతం మారిన మనిషి ఆలోచించి ఉంటాడన్న మూడో మాట అరుదుగా వస్తుంది. గోరే జీవితం ఆ మూడో మాటను మన ముందు పెడుతుంది. అంతటితో ఆగక, ఆలోచించే హక్కును మన సమాజం ఏ కులానికి ఇచ్చింది, ఏ కులానికి ఇవ్వలేదు అన్న ప్రశ్ననూ లేవనెత్తుతుంది. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న కోసమే.

గోరే 1825లో బుందేల్‌ఖండ్ ప్రాంతంలో జన్మించారు. మహారాష్ట్ర మూలాలున్న ఆ కుటుంబం బాందా నవాబు కొలువుతో అనుబంధం కలిగి, తరువాత కాశీలో స్థిరపడింది. తండ్రి శివరామ పంత్. కొలువు, భూమి, పాండిత్యం మూడూ ఉన్న ఇల్లు అది. బాలుడికి ఇంటి దగ్గరే సంస్కృత విద్య సాగింది. వ్యాకరణం, న్యాయశాస్త్రం అభ్యసించారు. శైవ కుటుంబంలో పుట్టినా, శాస్త్రాలు చదివి, తర్కించుకుని, విష్ణువే పరదైవమన్న నిశ్చయానికి వచ్చారు. వారసత్వంగా వచ్చిన దైవాన్ని సైతం పరీక్షించకుండా అంగీకరించని స్వభావం ఆయనకు బాల్యం నుంచే ఉందని దీనివల్ల తెలుస్తుంది. తరువాత జరిగిన పెద్ద మార్పుకు ఈ చిన్న మార్పు పునాది అని నా అభిప్రాయం.

ఆయన కలం పట్టడానికి కారణమైన పుస్తకం మతపరీక్ష. దాని రచయిత జాన్ మ్యూర్, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, స్కాట్లండ్‌వాడు, సంస్కృత విద్వాంసుడు. సత్యమతాన్ని గుర్తించే ప్రమాణాలు ఏవో ప్రతిపాదించి, ఆ పరీక్షలో క్రైస్తవం నెగ్గుతుందని, హిందూమతం ఓడిపోతుందని ఆయన 1839లో సంస్కృత శ్లోకాలలోనే వాదించారు. పండితుల భాషలో పండితులకు విసిరిన సవాలు అది. ముగ్గురు సమాధానమిచ్చారు. 1839లో సోమనాథుడు, 1840లో హరచంద్ర తర్కపంచాననుడు, చివరగా నీలకంఠుడు. సోమనాథుడనే పేరుతో రాసినది సుబాజీ బాపు అని పరిశోధకులు గుర్తించారు. కులవ్యవస్థను తూర్పారబట్టిన వజ్రసూచి 1839లో అచ్చయినప్పుడు దానికి ఖండన రాసి జతచేసినదీ ఆ సుబాజీ బాపే. క్రైస్తవానికి జవాబు చెప్పడం, కులాన్ని సమర్థించడం ఒకే కలం నుంచి, ఒకే ఏడాదిలో వెలువడ్డాయి. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను.

నీలకంఠుడి వాదం మిగిలిన ఇద్దరి వాదాలకంటే లోతైనది. ఆయన తిట్టలేదు, తర్కించారు. ఈ లోకంలో ఒకడు సుఖంలో, మరొకడు దుఃఖంలో పుడుతున్నాడు. పూర్వజన్మ లేదంటే ఈ వ్యత్యాసానికి కారణమేమిటి? ఏ పాపమూ చేయని పసివాడికి, నోరులేని పశువుకు బాధ ఎందుకు? పరిమితమైన జీవితంలో చేసిన తప్పుకు అంతులేని నరకమా? అలా శిక్షించేవాడు న్యాయమూర్తి ఎలా అవుతాడు? క్రీస్తు పేరే వినే అవకాశం లేని కోట్ల మంది గతి ఏమిటి? ఈ ప్రశ్నలకు కర్మ సిద్ధాంతం దగ్గర సమాధానం ఉందని, క్రైస్తవం దగ్గర లేదని ఆయన తేల్చారు. శాస్త్రానికి లోబడి నడిచే తర్కమే సరైన తర్కమనీ, శాస్త్రాన్ని బోనులో నిలబెట్టే తర్కం దారి తప్పినదనీ వాదించారు.

ఇవి బలమైన ప్రశ్నలు. క్రైస్తవ వేదాంతులను నేటికీ ఇబ్బంది పెట్టే ప్రశ్నలు. అయితే మొదటి ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబును కుల దృష్టితో చదవాలి. పుట్టుకలోని వ్యత్యాసం పూర్వకర్మ ఫలమైతే, కాశీలో పండితుడి ఇంట పుట్టినవాడు దానికి అర్హుడే, ఊరి వెలుపల పుట్టినవాడు దానికీ అర్హుడే. దేవుడి న్యాయాన్ని కాపాడడానికి తెచ్చిన సిద్ధాంతం సమాజపు అన్యాయాన్నీ కాపాడుతుంది. ఆ సిద్ధాంతం వల్ల లాభపడే స్థానంలో కూర్చుని ఆ యువకుడు ఆ శ్లోకాలు రాశారు. అప్పటికి ఆయనకు ఆ సంగతి కనిపించినట్టు లేదు.

మార్పు ఎలా జరిగింది? దర్శనమో, అద్భుతమో, జబ్బు నయం కావడమో ఆయన కథలో లేవు. చర్చ్ మిషనరీ సొసైటీకి చెందిన విలియం స్మిత్ కాశీ వీధుల్లో బోధించేవారు. ఆయనతో వాదించి ఓడించాలని నీలకంఠుడు వెళ్లారు. స్మిత్ గొప్ప పండితుడు కారు, కానీ ఓపిక ఉన్న మనిషి. వాదనకు వచ్చినవాడి చేతికి పుస్తకాలు ఇచ్చారు. ఖండించడం కోసమే నీలకంఠుడు సువార్తలను చదివారు. చదివిన కొద్దీ కొండమీది ప్రసంగం ఆయనను కదిలించింది. ఖండన గ్రంథం పూర్తయ్యేసరికి ప్రత్యర్థి వాదం ఆయనకు మిషనరీల కంటే బాగా తెలిసింది. అక్కడి నుంచి ఆయన తర్కం వెనక్కి తిరిగి సొంత ఇంటినే పరీక్షించడం మొదలుపెట్టింది.

తీవ్రమైన వ్యతిరేకి మతం మారడం మనకు వింతగా తోస్తుంది. నిజానికి అందులో వింత లేదు. ఉదాసీనుడు ఏ గ్రంథాన్నీ పూర్తిగా చదవడు. తన మతమూ, ఎదుటి మతమూ రెండూ అతడికి అలవాటులో భాగాలే. తీవ్రంగా వ్యతిరేకించేవాడికి మాత్రం సత్యం ఏదన్నది ప్రాణసమస్య. ఎదుటివారి మాట నిజమైతే తాను బతుకుతున్న బతుకు అబద్ధమవుతుందని అతడికి తెలుసు. అందుకే కోపగిస్తాడు, అందుకే చదువుతాడు. క్రైస్తవులను వేటాడిన తార్సువాసి సౌలు పౌలు అయిన కథను చర్చిలు రెండు వేల ఏళ్లుగా చెప్పుకుంటున్నాయి. సౌలును మార్చినది దారిలో మెరిసిన వెలుగని బైబిల్ చెబుతుంది. నీలకంఠుడిని మార్చినది చదువు.

మారినందుకు ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. తండ్రి, బంధువులు ఆపడానికి శతవిధాల ప్రయత్నించారు. ఆయన కొంతకాలం ఊగిసలాడారు. బాప్తిస్మం కాశీలో కాక జౌన్‌పూర్‌లో జరిగింది. కులం పోయింది. కులంతోపాటు ఇల్లు, వారసత్వం, శాస్త్రిగా గౌరవం పోయాయి. మతం మారినవాడికి, కులభ్రష్టుడికి ఆస్తి హక్కు పోకూడదని చెప్పే కులవైకల్య నిర్మూలన చట్టం 1850లో గాని రాలేదు. ఆ చట్టాన్ని వ్యతిరేకిస్తూ కలకత్తా, మద్రాసు హిందూ ప్రముఖులు అర్జీలు పెట్టారు. వారి భయం ఆత్మల గురించి కాదు, ఆస్తుల గురించి. గోరే భార్య లక్ష్మీబాయి కొంతకాలం తరువాత గాని ఆయనను చేరుకోలేదు. 1853లో కూతురు ఎలెన్ పుట్టిన కొద్ది నెలలకే ఆమె మరణించారు. బిడ్డ పరాయి ఇళ్లలో, తరువాత ఇంగ్లండ్‌లో పెరిగింది. ఆ ఎలెన్ లక్ష్మీ గోరే పెద్దయ్యాక ఆంగ్లంలో భక్తి గీతాలు రాసి, భారతదేశానికి తిరిగి వచ్చి సేవలో జీవించారు.

పాలకుల మతం స్వీకరించినందుకు లాభం దొరికి ఉంటుందని ఎవరైనా అనవచ్చు. పంజాబ్ రాజ్యాన్ని కోల్పోయి క్రైస్తవుడైన మహారాజా దులీప్ సింగ్ 1854లో ఇంగ్లండ్ వెళ్లినప్పుడు, ఆయన వెంట పండితుడిగా గోరే వెళ్లారు. రాణి విక్టోరియా కొలువును దగ్గరగా చూశారు. కానీ ఆ ప్రయాణం ఆయనను సంతోషపెట్టలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో మాక్స్ ముల్లర్‌ను కలిసినప్పుడు ఆయన నిరాశలో మునిగి ఉన్నారని ముల్లర్ తన జ్ఞాపకాలలో నమోదు చేశారు. సువార్తలలో చదివిన క్రైస్తవం లండన్ వీధుల్లో ఆయనకు కనిపించలేదు. సర్వస్వం వదులుకుని ఏ మతంలోకి వచ్చారో ఆ మతపు దేశమే ఆ మతాన్ని పాటించడం లేదు. అయినా ఆయన వెనక్కి మళ్లలేదు. పాలకుల వైభవం కోసం మారినవారు చేసే పని కాదు ఇది.

1860లో ఆయన హిందీలో షడ్దర్శన దర్పణం రాశారు. ఫిట్జ్ ఎడ్వర్డ్ హాల్ దానిని ఆంగ్లంలోకి అనువదించగా 1862లో కలకత్తాలో అచ్చయింది. ఒకప్పుడు తాను సమర్థించిన దర్శనాలను ఇప్పుడు ఒక్కొక్కటిగా పరీక్షించారు. వేదాంతం మీద ఆయన చేసిన విమర్శ కులాన్ని అధ్యయనం చేసేవారికి ముఖ్యమైనది. వేదాంతి పారమార్థిక సత్తను, వ్యావహారిక సత్తను వేరుచేసి, చిక్కు వచ్చినప్పుడల్లా ఒకదాని నుంచి మరొకదానిలోకి జారుకుంటాడని, ఈ రెండు అంతస్తుల నిర్మాణం తర్కానికి నిలవదని గోరే చూపారు. ఆయన ఈ విమర్శను ప్రధానంగా తత్త్వశాస్త్ర పరిధిలోనే నడిపారు. మనం దానిని వీధిలోకి తీసుకురావచ్చు. పరమార్థంలో అందరూ బ్రహ్మమే, వ్యవహారంలో మాత్రం నువ్వు అంటరానివాడివి అని చెప్పగలగడం ఈ రెండు అంతస్తుల వల్లనే సాధ్యమయింది. అన్నీ బ్రహ్మమే అయినప్పుడు ఆ బ్రహ్మం సామాజిక సమానత్వానికి పునాది ఎందుకు కాలేదని తరువాతి శతాబ్దంలో అంబేద్కర్ నిలదీశారు. గోరే తర్కంలో చూసిన పగులునే అంబేద్కర్ సమాజంలో చూశారు.

ఒకప్పుడు తానే వేసిన ప్రశ్నలు ఆయనను వదలలేదు. నిత్యనరకం గురించిన సందేహం జీవితాంతం వేధించింది. 1868లో డీకన్‌గా, 1870లో గురువుగా అభిషేకం పొందిన తరువాత కూడా మనసు నిలకడ చెందలేదు. కౌలీ ఫాదర్లుగా పేరొందిన సన్యాస సమాజంలో చేరి ఏళ్ల తరబడి శిక్షణ దశలోనే ఉండిపోయారు తప్ప అంతిమ ప్రమాణాలు చేయలేదు. పుణేలో, ఇంకా అనేకచోట్ల నిరాడంబరంగా జీవించి, బోధించి, 1895లో బొంబాయిలో కన్నుమూశారు. మతం మార్చుకున్నవాడు ప్రశ్నించడం మానేస్తాడన్న అపోహకు ఆయన జీవితమే జవాబు.

ఆయన ప్రభావం అత్యంత స్పష్టంగా కనిపించేది పండిత రమాబాయి జీవితంలో. ఆమె కూడా చిత్పావన పండిత కుటుంబంలో పుట్టారు. తండ్రి దగ్గర, తల్లి దగ్గర సంస్కృతం చదివారు. కులం దాటి బెంగాలీ కాయస్థుడిని పెళ్లాడారు. శాస్త్రాలు స్త్రీల గురించి, శూద్రుల గురించి చెప్పినది చదివి విసిగి, బ్రహ్మసమాజం వైపు మొగ్గారు. 1883లో ఇంగ్లండ్‌లోని వాంటేజ్‌లో ఆమె బాప్తిస్మం తీసుకున్నారు. తన మనసు మారడంలో గోరే రచన నిర్ణయాత్మకమైనదని ఆ తరువాత ఆమే చెప్పుకున్నారు. క్రైస్తవురాలైనంత మాత్రాన ఆమె చర్చి పెద్దలకు తలవంచలేదు. తన విశ్వాసాన్ని నిర్ణయించే అధికారం ఎవరిదన్న విషయంపై ఇంగ్లండ్‌లోని తన ధర్మగురువులతోనే ఏళ్ల తరబడి వాదించారు.

ఇప్పుడు తెలుగు నేలకు వద్దాం. గోరే గురువుగా అభిషేకం పొందడానికి నాలుగేళ్ల ముందు, 1866లో, నెల్లూరు మిషన్ పరిధిలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పొందారు. ఆయన తోళ్ల వ్యాపారి. అంతకుముందే గురువుల దగ్గర రాజయోగ సాధన చేసినవారు. వ్యాపారం పని మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విన్నారు. విన్నది తనలో మథించుకున్నారు. బాప్తిస్మానికి ముందే తనవారికి ఆ మాట చెప్పడం ప్రారంభించారు. ఒంగోలు పరిసరాల్లో తరువాత జరిగిన మహా కదలికకు మూలపురుషుడు ఆయనే, అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ కాదు. ఆ కదలికలోకి వచ్చిన మాదిగలు చచ్చిన పశువు మాంసం మానారు. గ్రామదేవతల కొలుపుల్లో డప్పు కొట్టబోమన్నారు. ఆదివారం వెట్టికి రామన్నారు. ఊరి పెద్దలు కక్ష కట్టారు. ఒంగోలు మిషన్ బడిలో మాదిగలకు చోటిచ్చినప్పుడు అగ్రవర్ణ విద్యార్థులు బడి విడిచి వెళ్లారు.

1876–78 కరువు కాలంలో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని కల్పించారు. అన్నం కోసం మారారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశారు. సాయం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అయినా చరిత్రలో వారికి దక్కిన పేరు కరువు క్రైస్తవులనే. కూడు కోసం మారారన్న మాట నేటికీ సభల్లో, తరగతి గదుల్లో వినిపిస్తుంది.

గోరే మారితే తాత్త్విక సంఘర్షణ అన్నారు. పేరయ్య మారితే ఆకలి అన్నారు. ఇద్దరూ గురువుల దగ్గర సాధన చేసినవారే. ఇద్దరూ విని, తూచి, నిర్ణయించుకున్నవారే. గోరే కోల్పోయినది కులగౌరవం. పేరయ్య సమూహం ఎదుర్కొన్నది ఊరి పెద్దల కక్ష. ఈ తేడా చరిత్రకారుల కలంలో పుట్టిందే కాదు, చర్చిలోనూ ఉంది. ఒక బ్రాహ్మణుడు మారితే మిషన్ పత్రికలు పండుగ చేసుకునేవి. పైకులాలు ముందు మారితే కింది కులాలు వాటంతట అవే వస్తాయని మిషన్లు దశాబ్దాలు ఎదురుచూశాయి. వచ్చింది కింది నుంచి. క్రైస్తవంలోకి వచ్చాక కూడా కులం పీఠాల దగ్గర, పెళ్లిళ్ల దగ్గర, శ్మశానాల దగ్గర కొనసాగింది. గోరే కథను ఘనంగా చెప్పుకునే క్రైస్తవులు ఈ మాటకూ జవాబు చెప్పాలి.

ఇదే తేడా నేడు చట్టంలో అచ్చయి ఉంది. బలవంతం, ప్రలోభం, మోసం ద్వారా మతం మార్చేవారికి ఏడాది దాకా జైలు విధించవచ్చని ఒడిశా 1967 చట్టం చెప్పింది. మారిన వ్యక్తి మైనరు, స్త్రీ, షెడ్యూల్డ్ కులం లేదా తెగకు చెందినవారైతే శిక్ష రెండేళ్ల దాకా. 2021 ఉత్తరప్రదేశ్ చట్టమూ ఇదే వర్గాల విషయంలో శిక్ష పెంచింది. బలహీనులను కాపాడడం కోసమని సమర్థిస్తారు. బలవంతాన్నీ, మోసాన్నీ శిక్షించాల్సిందే, అందులో వివాదం లేదు. కానీ వయోజనురాలైన స్త్రీని, వయోజనుడైన దళితుడిని, ఆదివాసీని మైనరు పక్కన ఒకే వరుసలో నిలబెట్టడం వెనుక ఒక ఊహ ఉంది. వీరికి సొంత బుద్ధి ఉండదు, ఎవరో లాగితే పోతారన్నదే ఆ ఊహ. ఈ చట్టం కింద నీలకంఠశాస్త్రి పెద్దమనిషి, రమాబాయి, పేరయ్య మైనర్లు.

దీనికి తోడు 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ఉంది. మొదట హిందువులకే పరిమితమైన ఆ గుర్తింపు 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవ, ముస్లిం దళితులకు నేటికీ వర్తించదు. మతం మారితే కులం పోతుందన్నది ఈ ఉత్తర్వు ఊహ. 1848లో మతం మారినవాడి ఆస్తిని కులం లాగేసుకునేది. 1850 చట్టం దానిని ఆపింది. వందేళ్ల తరువాత, మతం మారిన దళితుడి రిజర్వేషన్‌ను, రక్షణను రాజ్యమే వెనక్కి తీసుకుంది. పల్లెలో మాదిగవాడ, మాలపల్లి మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

విద్యార్థులకు నేను చెప్పేది ఇంతే. గోరేను చదవండి. ఆయన క్రైస్తవానికి వ్యతిరేకంగా రాసిన పుస్తకం 1951లో ఉజ్జయినిలో అచ్చయింది, అదీ చదవండి. క్రైస్తవం మీద వేయదగిన కఠినమైన ప్రశ్నలు అందులో ఉన్నాయి, హిందూ దర్శనాల మీద వేయదగిన కఠినమైన ప్రశ్నలు దర్పణంలో ఉన్నాయి. రెండూ ఒకే మనిషివి. మనసు మార్చుకునే హక్కు లేని చోట ఆ రెండో పుస్తకం పుట్టదు. ఆ హక్కు కాశీ పండితుడికి ఎంత ఉందో, గుండ్లకమ్మ ఒడ్డున నిలబడిన ఆ 2,222 మందికీ అంతే ఉంది. వారి మనవలకు, మునిమనవలకు ఆ హక్కును షరతులు లేకుండా ఇవ్వాలంటే ముందు శిక్షల్లో కులం చూసే చట్టాలు పోవాలి, మూడో పేరా పోవాలి. మతం ఏదైనా కుల బాధితుడు కుల బాధితుడేనని రాజ్యం ఒప్పుకోవాలి.